అమెరికా పౌరసత్వ చరిత్ర - తెలుగు వలస - కులప్రశ్న: విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఒక దేశంలోకి ఎవరు రావచ్చు, వచ్చినవారిలో ఎవరు పౌరులు కాగలరు అనే రెండు ప్రశ్నలకు అమెరికా సంయుక్త రాష్ట్రాలు వేర్వేరు కాలాల్లో వేర్వేరు సమాధానాలు ఇచ్చాయి. యుద్ధాలు, నల్లజాతి ప్రజల పౌరహక్కుల పోరాటాలు ఆ సమాధానాలను మార్చాయి. 1923 నాటి థిండ్ తీర్పును, 1965 నాటి వలస చట్టాన్ని, 2023 నాటి సియాటిల్ నగర ఆర్డినెన్సును పక్కపక్కన ఉంచి చదివి, తెలుగు వలస సమాజం తన అమెరికా ప్రయాణాన్ని చెప్పుకొనే తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: పౌరసత్వం, వలస, పౌరహక్కులు, థిండ్ తీర్పు, కులం, ప్రతిభ, డయాస్పోరా సాహిత్యం.

1. ఉపోద్ఘాతం

అమెరికాలో స్థిరపడిన తెలుగువారి గురించి తెలుగునాట రెండు రకాల కథనాలు వాడుకలో ఉన్నాయి. మొదటిది విజయగాథ. బాగా చదువుకున్నవారు, కష్టపడ్డారు, ప్రతిభతో పైకి వచ్చారు అనేది దాని సారాంశం. రెండోది వియోగగాథ. ఊరు దూరమైంది, అమ్మానాన్నలు ఒంటరివారయ్యారు, పిల్లలకు తెలుగు రావడం లేదు అనేది దాని పల్లవి. రెండింటిలోనూ వలస వెళ్లిన మనిషి కనిపిస్తాడు. అతడు వెళ్లిన దేశం మాత్రం నాటకంలో వెనక వేలాడే తెరలాగా మిగిలిపోతుంది. ఆ దేశం తలుపులు ఒకప్పుడు తనకు మూసి ఉండేవన్న సంగతి గానీ, వాటిని తెరిపించినవారు ఎవరన్న ప్రశ్న గానీ ఈ కథనాల్లోకి అరుదుగా వస్తుంది.

ఈ లోటును కేవలం చారిత్రక సమాచార లోపంగా చూడడం సరికాదు. తలుపు ఎలా తెరుచుకుందో తెలియనివాడు అది తన కోసమే తెరుచుకుందని అనుకుంటాడు. ప్రతిభ అనే భావన తెలుగు వలస సమాజంలో అంత బలంగా వేళ్లూనడానికి ఈ విస్మృతి ఒక ముఖ్యకారణం.

2. పౌరుడు ఎవరు? - 1790 నుంచి 1898 వరకు

1790లో అమెరికా కాంగ్రెస్ చేసిన తొలి పౌరసత్వ చట్టం, వలస వచ్చినవారిలో స్వేచ్ఛాజీవులైన శ్వేతజాతీయులకు మాత్రమే పౌరసత్వం పొందే వీలు కల్పించింది. నల్లజాతివారు బానిసలైనా స్వతంత్రులైనా పౌరులు కాజాలరని 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఈ తీర్పును తిరగరాయడానికి అంతర్యుద్ధం అవసరమైంది. 1861 నుంచి 1865 వరకు సాగిన ఆ యుద్ధం తర్వాత, 1868లో రాజ్యాంగానికి 14వ సవరణ వచ్చింది. అమెరికా గడ్డపై పుట్టి, ఆ దేశ అధికార పరిధికి లోబడిన ప్రతి వ్యక్తీ పౌరుడేనని, ఏ రాష్ట్రమూ ఎవరికీ చట్టాల సమాన రక్షణను నిరాకరించరాదని ఆ సవరణ చెప్పింది. విముక్తులైన బానిసల కోసం రాసిన వాక్యాలివి. 1870లో ఆఫ్రికా సంతతివారికి కూడా వలస ద్వారా పౌరసత్వం పొందే అర్హత కలిగింది.

శ్వేతజాతివారికి 1790 చట్టం, ఆఫ్రికా సంతతివారికి 1870 చట్టం అర్హత ఇవ్వగా, ఆసియావారు రెంటికీ చెందనివారయ్యారు. 1882లో చైనా కార్మికుల రాకను నిషేధించారు. అయినా 14వ సవరణలోని జన్మహక్కు నిలిచింది. చైనా తల్లిదండ్రులకు శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ అనే వంటమనిషి, చైనా వెళ్లి తిరిగి వస్తుండగా ఓడరేవులో అతడిని అడ్డుకున్నారు. పుట్టుక చేతనే అతడు పౌరుడని 1898లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. నల్లజాతివారి కోసం తెచ్చిన సవరణ ఒక ఆసియా కుటుంబానికి రక్షణ అయిన తొలి సందర్భాల్లో ఇది ముఖ్యమైనది.

3. గదర్ కాలం: ఒక తెలుగు సాక్షి

ఇరవయ్యో శతాబ్దం ఆరంభంలో పసిఫిక్ తీరానికి చేరిన భారతీయుల్లో అధికులు పంజాబీ రైతుకూలీలు. 1907 సెప్టెంబరులో వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్లింగ్‌హామ్ పట్టణంలో కలప మిల్లుల్లో పనిచేస్తున్న భారతీయ కార్మికుల బసలపై శ్వేతజాతి మూకలు దాడిచేసి వారిని ఊరి నుంచి తరిమివేశాయి. ఈ అవమానం నుంచే గదర్ రాజకీయాలకు బలం చేకూరింది. పరాయి పాలనలో ఉన్న దేశం వాడికి పరాయి దేశంలోనూ మర్యాద ఉండదన్న గ్రహింపు, 1913 నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి వెలువడిన 'గదర్' పత్రికకు ప్రాణం.

ఈ ఉద్యమంలో తెలుగువాడు లేకపోలేదు. కనిగిరి ప్రాంతం నుంచి ఉన్నత విద్యకై 1912లో కాలిఫోర్నియా చేరిన దరిశి చెంచయ్య గదర్ పార్టీలో పాల్గొని, ఆ కారణంగా ఏళ్ల తరబడి నిర్బంధం అనుభవించారు. ఆయన ఆత్మకథ 'నేనూ - నా దేశం' తెలుగు రాజకీయ ఆత్మకథల్లో సుపరిచితమే. అయితే దానిని స్వాతంత్ర్యోద్యమ చరిత్రకు ఆకరంగా చదివినంతగా వలస సాహిత్యంగా చదవలేదు. అమెరికా తెలుగు సాహిత్య చరిత్రను ఈ ఆత్మకథతో మొదలుపెడితే, ఆ సాహిత్యానికి మూలం ఇంటి మీది బెంగ కాక రాజకీయ ఎరుక అవుతుంది. చరిత్రకారులు ఈ ప్రారంభబిందువును ఎంచుకోకపోవడం ఆలోచించదగిన విషయం.

1917లో, మొదటి ప్రపంచయుద్ధంలోకి అమెరికా అడుగుపెడుతున్న రోజుల్లోనే, ఆసియా నిషిద్ధ మండలాన్ని ప్రకటించిన వలస చట్టం వచ్చింది. భారతదేశం ఆ మండలంలో చేరింది.

4. థిండ్ తీర్పు: కులం వాదనగా మారిన వేళ

భగత్ సింగ్ థిండ్ 1913లో పంజాబ్ నుంచి అమెరికా వెళ్లిన సిక్కు. 1918లో అమెరికా సైన్యంలో చేరి గౌరవప్రదంగా విడుదలయ్యారు. అదే ఏడాది వాషింగ్టన్ రాష్ట్రంలో ఆయనకు పౌరసత్వం ఇచ్చి కొద్దిరోజుల్లోనే రద్దుచేశారు. 1920లో ఓరెగాన్‌లో మళ్లీ పొందితే, ప్రభుత్వం దానిని సవాలు చేసింది. వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

థిండ్ పక్షం ఎంచుకున్న వాదన ఈ వ్యాసానికి కీలకం. పౌరసత్వాన్ని శ్వేతజాతికి పరిమితం చేయడం అన్యాయమని వారు వాదించలేదు. తాము కూడా శ్వేతజాతివారమేనని వాదించారు. ఉత్తర భారతంలోని అగ్రకులస్థులు ఆర్యులని, ఆనాటి జాతిశాస్త్రం ప్రకారం ఆర్యులు కాకేసియన్లని, కాబట్టి చట్టం చెప్పిన అర్థంలో శ్వేతజాతివారని అందులోని తర్కం. దీనికి ఆధారంగా కులవ్యవస్థను చూపారు. కింది కులాలతో, ఆదిమ ప్రజలతో వివాహసంబంధాలు నిషిద్ధం కావడం చేత రక్తం కలుషితం కాలేదన్నారు. వివాహ విషయంలో అగ్రకులస్థుడు భారతదేశపు ఆదిమవాసిని చూసే చూపు, శ్వేతజాతి అమెరికన్ నల్లజాతివారిని చూసే చూపు ఒకటేనన్న పోలిక కూడా ఆ నివేదనలో ఉంది. కులం పాటించడాన్ని ఒక యోగ్యతాపత్రంగా న్యాయస్థానం ముందు ఉంచిన సందర్భమిది. కులాన్ని సిద్ధాంతరీత్యా నిరసించే మతానికి చెందిన వ్యక్తి తరఫున ఈ వాదన రావడం మరింత విచారకరం.

1923 ఫిబ్రవరి 19న న్యాయమూర్తి జార్జ్ సదర్లాండ్ ఏకగ్రీవ తీర్పును వెలువరించారు. అంతకు మూడు నెలల ముందు, జపాన్‌కు చెందిన తకావో ఒజావా కేసులో ఇదే న్యాయమూర్తి శ్వేతజాతి అంటే కాకేసియన్ జాతి అని చెప్పి ఒజావాను తిరస్కరించారు. థిండ్ దగ్గరికి వచ్చేసరికి ఆ శాస్త్రీయ నిర్వచనం పక్కకు పోయింది. చట్టంలోని మాటకు సామాన్య మానవుడు ఏ అర్థం చెప్పుకుంటాడో అదే అర్థమని, ఆ సామాన్యుడి దృష్టిలో భారతీయుడు శ్వేతజాతివాడు కాడని తీర్పు. కులనియమాలు రక్తమిశ్రమాన్ని పూర్తిగా ఆపలేకపోయినట్లున్నాయని కూడా అందులో ఒక వ్యాఖ్య ఉంది. శాస్త్రం పనికివచ్చినచోట శాస్త్రాన్ని, పనికిరానిచోట లోకవాడుకను ఆశ్రయించిన ఈ న్యాయమూర్తి స్వయంగా ఇంగ్లండులో పుట్టి అమెరికా వచ్చిన వలసదారు.

ఫలితం కాగితం మీద ఆగలేదు. అప్పటికే పౌరసత్వం పొందిన పలువురు భారతీయుల పౌరసత్వాన్ని రద్దుచేయించే పని ప్రభుత్వం చేపట్టింది. గదర్ ఉద్యమంతో సంబంధమున్న శాన్‌ఫ్రాన్సిస్కో వ్యాపారి వైష్ణోదాస్ బగాయ్ అలా పౌరసత్వం కోల్పోయి, 1928లో ఆత్మహత్య చేసుకున్నారు. థిండ్‌కు పౌరసత్వం చివరకు 1936లో దక్కింది. అది కూడా ఆర్యుడిగా కాదు, మొదటి ప్రపంచయుద్ధంలో పనిచేసిన సైనికుడిగా.

సామాన్యుడి దృష్టి అనే ఆ కొలబద్ద చట్టం నుంచి తొలగిపోయింది గానీ వీధి నుంచి పోలేదు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రంలోని ఒలేత్ పట్టణంలో ఒక తెలుగు ఇంజనీరును తుపాకీతో కాల్చి చంపిన వ్యక్తి, తాను కాల్చింది ఇరానీయులనని అనుకున్నాడు. ఏ కులం, ఏ రాష్ట్రం, ఎంత చదువు అన్నవేవీ ఆ చూపుకు అందవు. హంతకుడికి సమాఖ్య ద్వేషనేర చట్టం కింద కూడా యావజ్జీవ శిక్ష పడింది. ద్వేషాన్ని ప్రత్యేక నేరంగా గుర్తించే న్యాయదృష్టి పౌరహక్కుల పోరాటాల నుంచి వచ్చింది.

5. 1965: ఒకే కాంగ్రెస్, రెండు చట్టాలు

రెండో ప్రపంచయుద్ధం అమెరికాను ఇబ్బందికరమైన స్థితిలో నిలబెట్టింది. జాతివాద జర్మనీతో పోరాడుతూనే, పసిఫిక్ తీరంలోని సుమారు 1,20,000 మంది జపాన్ సంతతివారిని ఆ దేశం నిర్బంధ శిబిరాల్లో పెట్టింది. వారిలో అధికులు అమెరికాలో పుట్టిన పౌరులు. మరోవైపు మిత్రదేశాల ప్రజలను అంటరానివారుగా ఉంచడం యుద్ధనీతికి అడ్డువచ్చింది. 1943లో చైనీయులకు, 1946లో భారతీయులకు, ఫిలిప్పైన్స్ వారికి పౌరసత్వ అర్హత లభించింది. 1946 నాటి లూస్-సెల్లర్ చట్టం భారతదేశానికి ఇచ్చిన వార్షిక కోటా 100. నలభై కోట్ల జనాభా గల దేశానికి వంద మంది! అయినా ఆ చట్టం లేకపోతే దలీప్ సింగ్ సౌంద్ 1949లో పౌరుడయ్యేవారు కారు, 1956లో కాలిఫోర్నియా నుంచి కాంగ్రెస్‌కు ఎన్నికయ్యేవారూ కారు.

తర్వాత వచ్చిన ప్రచ్ఛన్నయుద్ధం ఈ ఒత్తిడిని పెంచింది. ఆసియా, ఆఫ్రికాలలో కొత్తగా స్వతంత్రమవుతున్న దేశాల ముందు, దక్షిణాది రాష్ట్రాల్లోని జాతివివక్ష అమెరికా ప్రతిష్ఠను దెబ్బతీస్తోందని ఆ దేశ న్యాయశాఖే బ్రౌన్ కేసులో సుప్రీంకోర్టుకు నివేదించింది. అయితే అంతర్జాతీయ ప్రతిష్ఠ మాత్రమే చట్టాలను మార్చలేదు. మాంట్‌గొమరీలో బస్సులెక్కకుండా ఏడాదికి పైగా నడిచినవారు, 1965 మార్చి 7న సెల్మా వంతెన మీద లాఠీదెబ్బలు తిన్నవారు ఆ మార్పును అనివార్యం చేశారు.

1964 పౌరహక్కుల చట్టం జాతి, వర్ణం, మతం, లింగం, జాతీయ మూలం ఆధారంగా ఉద్యోగాల్లో వివక్షను నిషేధించింది. 1965 ఆగస్టు 6న ఓటుహక్కు చట్టం వచ్చింది. అక్టోబరు 3న, స్వేచ్ఛాప్రతిమ పాదాల చెంత, అధ్యక్షుడు జాన్సన్ కొత్త వలస చట్టంపై సంతకం చేశారు. ఈ వరుస యాదృచ్ఛికం కాదు. 1924 నుంచి అమలులో ఉన్న జాతీయ మూల కోటాలు ఐరోపా ఉత్తర, పశ్చిమ దేశాలకు పెద్దపీట వేశాయి. ఇంట్లో జాతిని బట్టి వివక్ష తప్పని ఒప్పుకున్న దేశం, గుమ్మంలో దానినే పాటించడం ఇక సమర్థనకు నిలవలేదు.

ఈ సంబంధం ఒక వ్యక్తి జీవితంలో స్పష్టంగా కనిపిస్తుంది. న్యూయార్క్ ప్రతినిధి ఇమాన్యుయేల్ సెల్లర్ 1924లో సభకు కొత్తవాడిగా జాతీయ మూల కోటాలను వ్యతిరేకించారు. 1946 చట్టంలో ఆయన పేరుంది. ప్రతినిధుల సభ న్యాయసంఘం అధ్యక్షుడిగా 1964 పౌరహక్కుల చట్టాన్ని ముందుకు నడిపినదీ ఆయనే. 1965 వలస చట్టాన్ని హార్ట్-సెల్లర్ చట్టమనే పిలుస్తారు. తెలుగు సంఘాల సావనీర్లలో వెలిగే ఛాయాచిత్రాల సరసన ఈయన బొమ్మ ఒకటి ఉండవలసింది.

ఈ చట్టం సర్వోదారమైనదని మాత్రం చెప్పలేం. తూర్పు గోళానికి ఏడాదికి 1,70,000 వీసాలు, ఒక్కో దేశానికి 20,000 పరిమితి నిర్ణయించిన ఈ చట్టమే, అంతవరకు సంఖ్యాపరిమితి లేని పశ్చిమగోళానికి 1,20,000 గరిష్ఠ పరిమితిని విధించింది. మెక్సికో నుంచి తరతరాలుగా పొలం పనులకు వస్తున్నవారిలో ఎందరో దీని తర్వాతి కాలంలో చట్టవిరుద్ధ వలసదారులయ్యారు. విశాఖ, గుంటూరు, హైదరాబాదు వైద్య కళాశాలల పట్టభద్రులకు తెరుచుకున్న తలుపే మెక్సికో కూలీకి ఇరుకైంది. ఇది విప్లవాత్మకమైన చట్టం కాదని సంతకం చేస్తూ జాన్సన్ అన్నారు. అరవయ్యేళ్ల తర్వాత చూస్తే, ఒక పాలకుడి అంచనా ఇంతగా తప్పిన సందర్భాలు తక్కువే.

6. ప్రతిభ అనే కథనం - డయాస్పోరా విమర్శ

1965 చట్టం వృత్తి నైపుణ్యం గలవారికి ప్రాధాన్యం ఇచ్చింది. 1990 చట్టం హెచ్-1బి వీసాను నెలకొల్పింది. అంటే అమెరికా చేరిన తెలుగువారు తెలుగు సమాజానికి నమూనా కారు. వారు రెండుసార్లు జల్లెడ పట్టగా మిగిలినవారు. మొదటి జల్లెడ ఇక్కడిదే. కోస్తా డెల్టాల సాగునీటి వ్యవసాయం ఇచ్చిన మిగులు, భూమి, కులసంబంధాలు, ప్రభుత్వ సొమ్ముతో నడిచిన వృత్తి కళాశాలలు ఎవరికి అందాయో వారే వీసా కార్యాలయం దాకా వెళ్లగలిగారు. రెండో జల్లెడ అమెరికా చట్టానిది. ఈ రెండింటినీ దాటివచ్చిన ఫలితాన్ని సహజ ప్రతిభగా చెప్పుకోవడం కారణాన్ని, కార్యాన్ని తారుమారు చేయడమే. వ్యక్తుల శ్రమను కాదనడం ఇందులోని ఉద్దేశం కాదు. ఆ శ్రమకు ప్రతిఫలం దక్కించిన ఏర్పాటును గుర్తించమనడమే.

ఈ కథనానికి ఒక ప్రమాదకరమైన ఉపఫలం ఉంది. ఆసియా వలసదారులను ఆదర్శ మైనారిటీగా చూపి, వారు పైకి రాగలిగినప్పుడు నల్లజాతివారు ఎందుకు రాలేకపోయారని ప్రశ్నించడం 1960ల చివరినాళ్ల నుంచి అమెరికా సంప్రదాయవాదుల వాదనల్లో పాతుకుపోయింది. తెలుగునాట రిజర్వేషన్లపై వినిపించే మాటలకు ఇది దగ్గరి చుట్టం. అందుకే ఆ ప్రశ్నను అడిగేవారిలో వలసవెళ్లిన తెలుగువారూ చేరగలిగారు.

తెలుగు డయాస్పోరా సాహిత్యంపై వచ్చిన విమర్శ చాలావరకు స్వదేశవ్యామోహం, సంస్కృతుల సంఘర్షణ, తరాల అంతరం అనే కొలమానాలతో సాగింది. ఇవి పనికిమాలినవి కావు. కానీ ఈ మూడూ ఇంటి గోడల మధ్య తిరిగే ప్రశ్నలు. పొరుగున ఉన్న నల్లజాతి కుటుంబం, తోటపని చేసే మెక్సికో కార్మికుడు, ఊరి పేరు తప్ప ఉనికి మిగలని మూలవాసి ఈ కథల్లో ఏ స్థానంలో ఉన్నారన్న ప్రశ్న విమర్శకులు అడగవలసింది. తెలుగు పాఠకలోకానికి నల్లజాతి చరిత్ర కొత్తదేమీ కాదు. అలెక్స్ హేలీ 'రూట్స్' నవలకు సహవాసి చేసిన తెలుగు సేత 'ఏడు తరాలు' ఇక్కడ ఎన్నో ముద్రణలు పొందింది. ఆ పుస్తకాన్ని అక్కున చేర్చుకున్న భాషకు, ఆ పుస్తకం పుట్టిన నేల మీద నిలబడి రాసిన కథల్లో దాని ఛాయ తక్కువగా ఉండడం వింతే.

గిడ్ల సుజాత 2017లో ఇంగ్లీషులో ప్రచురించిన 'యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్' ఈ నేపథ్యంలో ప్రత్యేకమైనది. న్యూయార్క్ సబ్‌వేలో కండక్టరుగా పనిచేస్తూ ఆమె రాసిన ఈ కుటుంబచరిత్రకు కేంద్రం ఆమె మేనమామ కె.జి. సత్యమూర్తి. తెలుగు పాఠకులకు ఆయన కవి శివసాగర్, పీపుల్స్‌వార్ వ్యవస్థాపకుల్లో ఒకరు. తెలంగాణ సాయుధ పోరాటం నుంచి నక్సల్బరీ అనంతర కాలం దాకా సాగే ఈ గ్రంథంలో సంఘర్షణ, వలస, కులం ఒకే కుటుంబంలో కలుస్తాయి. సొంత ఊళ్లో నిత్యకృత్యంగా సాగిపోయిన అవమానం, దూరం వెళ్లి చూసినప్పుడు చెప్పవలసిన కథగా తేలింది. వలస ఇక్కడ బెంగను కాక చూపును ఇచ్చింది. ఈ పుస్తకాన్ని ఇంగ్లీషులో వచ్చిందన్న కారణంతో అమెరికా తెలుగు సాహిత్య చర్చకు వెలుపల ఉంచడం న్యాయం కాదు.

7. కులం తిరిగి న్యాయస్థానానికి

థిండ్ కేసు జరిగిన సుమారు వందేళ్లకు కులం మళ్లీ అమెరికా చట్టం ముందుకు వచ్చింది. ఈసారి దిశ మారింది. 2020లో సిలికాన్ వ్యాలీలోని ఒక పెద్ద సాంకేతిక సంస్థలో దళిత ఇంజనీరు పట్ల కులవివక్ష జరిగిందంటూ కాలిఫోర్నియా రాష్ట్ర పౌరహక్కుల విభాగం దావా వేసింది. ఆరోపణలకు గురైన ఇద్దరు పర్యవేక్షకులపై కేసును 2023లో ఆ విభాగమే ఉపసంహరించుకుంది. సంస్థపై వ్యాజ్యం కొనసాగింది. 2023 ఫిబ్రవరి 21న సియాటిల్ నగరమండలి, అమెరికా నగరాల్లో మొదటిసారిగా, వివక్షానిషేధ జాబితాలో కులాన్ని చేర్చింది. బెల్లింగ్‌హామ్ దాడి జరిగింది, థిండ్‌కు తొలిసారి పౌరసత్వం వచ్చి పోయింది కూడా ఈ వాషింగ్టన్ రాష్ట్రంలోనే. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ ఇలాంటి బిల్లును ఆమోదించగా, వంశమూలం వంటి పదాల కింద కులవివక్ష ఇప్పటికే నిషిద్ధమని చెబుతూ గవర్నరు అక్టోబరులో దానిని తిరస్కరించారు.

ఈ చర్యలను వ్యతిరేకించినవారి వాదనను తేలికగా తీసుకోరాదు. కులాన్ని పేరుపెట్టి చెప్పడం వల్ల భారతీయులందరూ అనుమానానికి గురవుతారని, ఒక సమాజాన్ని చట్టమే వేరుచేసి చూపినట్లవుతుందని వారు అన్నారు. వలసదారులపై ద్వేషం పెరుగుతున్న కాలంలో ఈ భయానికి ఆధారం లేదనలేం. అయితే కాలిఫోర్నియా బిల్లులో కులం అనే మాటను ఒక్క మతానికో దేశానికో కట్టివేయలేదు. లింగవివక్షను నిషేధిస్తే పురుషులందరూ నేరస్థులని అర్థం రానట్లే, ఇక్కడా రాదు. ఇక అమెరికాలో కులం లేదన్న రెండో వాదనకు థిండ్ నివేదనే సమాధానం. 1923లో అది అమెరికాకు చేరింది, సుప్రీంకోర్టు రికార్డుల్లోకి ఎక్కింది కూడా. అప్పుడు దానిని వెంటతెచ్చినవారు దాచుకోలేదు, గర్వంగా చూపించుకున్నారు.

కులాన్ని జాతివివక్షతో పోల్చి చూడడం నిన్నమొన్నటి సంగతి కాదు. అంబేద్కర్ 1946లో నల్లజాతి మేధావి డబ్ల్యు.ఇ.బి. డుబాయిస్‌కు లేఖ రాశారు. 1959లో భారతదేశం వచ్చిన మార్టిన్ లూథర్ కింగ్‌ను కేరళలో ఒక దళిత పాఠశాలలో అమెరికా నుంచి వచ్చిన అస్పృశ్యుడిగా పరిచయం చేస్తే, మొదట నొచ్చుకొని, పిమ్మట ఆ మాట నిజమేనని ఆయన ఒప్పుకున్నారు. 1972లో బొంబాయిలో పుట్టిన దళిత్ పాంథర్స్ సంస్థ పేరు బ్లాక్ పాంథర్ల నుంచి వచ్చింది. థిండ్ నివేదనలోని పోలికను ఈ సంప్రదాయం తలకిందులు చేసింది. అక్కడ పైనున్నవారి మధ్య సారూప్యం వెతికితే, ఇక్కడ కిందికి నెట్టబడినవారి మధ్య వెతికారు.

8. జన్మహక్కు: ప్రస్తుత వివాదం

2025 జనవరి 20న వెలువడిన ఒక కార్యనిర్వాహక ఉత్తర్వు, చట్టవిరుద్ధంగా ఉన్నవారి పిల్లలతోపాటు, తల్లి తాత్కాలిక వీసాపై ఉండి, తండ్రి పౌరుడో శాశ్వత నివాసో కాని పిల్లలకు కూడా పుట్టుక ద్వారా వచ్చే పౌరసత్వాన్ని నిరాకరించాలని నిర్దేశించింది. అది వెంటనే న్యాయస్థానాల్లో సవాలుకు గురైంది. ఒక్కో దేశానికి ఏడు శాతం అనే పరిమితి వల్ల శాశ్వత నివాసపత్రం కోసం దశాబ్దాలు వేచి ఉండే భారతీయులకు ఈ ఉత్తర్వు నేరుగా తగులుతుంది. డాలస్‌లోనో ఎడిసన్‌లోనో ప్రసవానికి సిద్ధమవుతున్న తెలుగు దంపతులు ఆ వారాల్లో వైద్యులను, న్యాయవాదులను అడిగిన ప్రశ్నలన్నీ 14వ సవరణలోని మొదటి వాక్యం చుట్టూ తిరిగాయి. ఆ వాక్యం 1868లో విముక్త బానిసల బిడ్డల కోసం రాసినది. దానిని ఆసియా వలసదారుల పిల్లలకు వర్తింపజేసిన తీర్పు, 1898లో ఒక చైనా కుటుంబపు వంటమనిషి గెలుచుకున్నది. ఉత్తర్వును ప్రశ్నించిన న్యాయవాదులు తమ వాదనకు ఆధారంగా ఆ వంటమనిషి పేరునే ఉదాహరించారు.